బయట ఎవరిది?

కాగితం మీద మూడు ఖాళీలున్నాయి. విద్యార్థి పేరు, తరగతి, తండ్రి లేక సంరక్షకుడి సంతకం. తల్లి సంతకానికి చోటు లేదు. బాన్సువాడలోని ఒక ప్రైవేటు బడి నుంచి మా అక్క కూతురు తెచ్చిన కాగితం అది. నాలుగో తరగతి పిల్లలను హైదరాబాదు తీసుకుపోయి, ఫిలింసిటీ చూపించి, అదే రాత్రి తిరిగి తీసుకొస్తారట. పైన పెద్ద అక్షరాల్లో 'విజ్ఞాన యాత్ర' అని ఉంది. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. మా బావ దుబాయిలో ఉంటాడు. కాబట్టి సంరక్షకుడి హోదాలో ఎవరు సంతకం పెట్టాలన్న చర్చ వచ్చింది. అక్క నా వైపు చూసింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. పంపుదామా?"

"ఈసారికి వద్దులే అక్కా, వచ్చేసరికి రాత్రవుతది" అన్నాను.

స్త్రీల ఆత్మకథల్లో స్థలం, సంచారం అనే విషయం మీద ఐదేళ్లు పనిచేసి డాక్టరేటు తీసుకున్న మనిషిని నేను. గడప గురించి, గడప దాటడం గురించి సెమినార్లలో పత్రాలు చదివాను. ఎనిమిదేళ్ల పిల్ల గడప దాటే మాట వచ్చేసరికి నా నోట వచ్చింది మా నాయనమ్మ మాట. ఆ మాటకు సమాధానం చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. నా మీద నేను పెట్టుకున్న తగవు ఇది. కాకపోతే ఇందులో మన బడులకు, మన విద్యావేత్తలకు కూడా వాటా ఉంది.

నాకు పదేళ్లప్పుడు, 1998లో, మా బడి పిల్లలను నిజాంసాగర్ తీసుకుపోయారు. పిల్లలు అంటే మగపిల్లలు. "ఆడపిల్లల జిమ్మెదారి ఎవరు తీసుకోవాలె?" అన్నాడు సారు. మాకు ఆ రోజు సెలవైనా ఇవ్వలేదు. బడి ఊడ్చి, వాకిట్లో ముగ్గులేశాం. సాయంత్రం మగపిల్లలు వచ్చి గేట్ల గురించి, కట్ట పొడవు గురించి, నీళ్ల మీద వాలిన కొంగల గురించి ఒకరి మాట ఒకరు తోసుకుంటూ చెప్తుంటే విన్నాం. మర్నాడు సారు 'నేను చూసిన ప్రాజెక్టు' అని వ్యాసం రాయమన్నాడు. అందర్నీ. మేమూ రాశాం. ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. చూడనిదాన్ని చూసినట్టు రాయడం నాకు అప్పుడే అబ్బింది. సాహిత్యంలోకి రావడానికి అదొక కారణమేమో!

ఆ ప్రాజెక్టు మాకు దూరమా అంటే, బస్సులో గంట ప్రయాణం కూడా లేదు. మంజీర మీద 1923లో కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. బాన్సువాడ చుట్టుపక్కల వరి పండేది ఆ నీళ్లతోనే. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో మా అమ్మకు తేదీతో సహా తెలిసేది, నాట్లకు పోయేది ఆమే కాబట్టి. ఆ నీళ్లు ఎక్కడ నిలబడి ఉంటాయో మాత్రం చూడలేదు. నేను ఆ కట్ట మీద మొదటిసారి నిలబడింది పీహెచ్‌డీలో చేరిన ఏడాది. అమ్మను వెంట తీసుకుపోయాను. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. "ఇంతేనా" అన్నది మొదట. కాసేపు నిలబడ్డాక, "ఇంత ఉన్నదా" అన్నది.

మన భాషలో 'బయట' అనే మాటను తిప్పి చూడండి. బయటికి పోవడమంటే చెంబు పట్టుకుని పోవడం. బయట చేరడమంటే ముట్టు. బయటపడిందంటే గుట్టు రట్టయిందని. మగవాడు తిరక్క చెడితే ఆడది తిరిగి చెడిందని సామెత కూడా సిద్ధంగా ఉంది. ఇంటి పట్టున ఉండకుండా తిరిగే ఆడపిల్లకు మనం పెట్టుకున్న పేరు ఇల్లేరమ్మ. సోమరాజు సుశీల గారు ఆ ఎగతాళి మాటనే పుస్తకానికి పేరుగా పెట్టి 'ఇల్లేరమ్మ కతలు' రాశారు కాబట్టి ఇవాళ మనం దాన్ని మురిపెంగా పలుకుతున్నాం. మా ఊళ్లో అది ఇప్పటికీ తిట్టే.

ఇంత బరువున్న మాటను తెచ్చి, 'పిల్లలను బయటికి తీసుకుపోదాం, ప్రకృతిని చూపిద్దాం' అని విద్యావేత్తలు తేలిగ్గా అనేస్తారు. ఎవరి బయట? ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా, అంటే సరిగ్గా ప్రాథమిక పాఠశాల వయసులో, ఆడపిల్ల కారణం చెప్పకుండా బయట ఉండగలిగే ఆఖరి ఐదేళ్లు గడుస్తాయి. ఆ తర్వాత ప్రతి అడుగుకూ ఒక పని ఉండాలి. నీళ్లకు, కిరాణానికి, ట్యూషన్‌కు. పని లేకుండా కాలువ గట్టున నిలబడి నీళ్లను చూసే హక్కు పన్నెండేళ్ల పిల్లకు మా ఊళ్లో లేదు. అందుకే ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న పిల్లల క్షేత్ర పర్యటన నాకు విహారంగా కనిపించదు. ఆడపిల్లల విషయంలో అది జాగా మీద పట్టా రాయించుకోవడం లాంటిది. ఆ ఐదేళ్లలో రాయించుకోకపోతే ఆ తర్వాత ప్రతి గజానికీ కొట్లాడాలి.

కాగితాల మీద మనకు కొరత లేదు. బడి చదువును బడి బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగా చెప్పింది. చర్యల ద్వారా, శోధన ద్వారా నేర్చుకోవడమని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో రాశారు. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసి, సంచి లేని పది రోజులు ఇచ్చింది. ఆ పది రోజులు పిల్లలు ఊళ్లోని వడ్రంగుల దగ్గర, తోటమాలుల దగ్గర, కుమ్మరుల దగ్గర, కళాకారుల దగ్గర పని నేర్చుకోవచ్చునట. మంచిదే. కానీ ఎవరికిచ్చారు? ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు. అంటే చాలామంది ఆడపిల్లలు పెద్దమనిషయ్యే వయసుకు. ఇంట్లో 'ఇక చాలు' అనే మాట మొదలయ్యే ఏళ్లలో తలుపు తెరిచారు. పైగా ఆ పనివాళ్ల వరసలో నాటు వేసే మనిషి లేదు, బీడీలు చేసే మనిషి లేదు. మా పాత నిజామాబాదు జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆడవాళ్ల బీడీ చాట మీద నిలబడ్డాయో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక అసలు అమలవుతున్న పర్యటన సంగతి. ప్రైవేటు బడుల్లో అది సరుకు. డబ్బు కట్టినవాళ్ల పిల్లలు పోతారు, కట్టలేనివాళ్ల పిల్లలు ఆ రోజు బడికి రారు. కొడుకు, కూతురు ఇద్దరూ ఒకే బడిలో ఉన్న ఇంట్లో ఒక్కరికే డబ్బుంటే ఎవరు పోతారో నేను రాయాలా? బస్సు ముందు సీట్లో కరెస్పాండెంటు గారి తాలూకు మగవాళ్లు కూర్చుంటారు. వాంతులు ఎత్తడం, తలలు లెక్కపెట్టడం, ఏడ్చే పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకోవడం అన్నీ చాలీచాలని జీతాల ఆడ టీచర్ల పని. మగపిల్లల కోసం బస్సు ఏ చెట్టు దగ్గరైనా ఆగుతుంది. ఆడపిల్లలకు మాత్రం పొద్దున్నే చెప్పేస్తారు: నీళ్లు తక్కువ తాగండి. ఎనిమిదేళ్ల పిల్లకు బయటి ప్రపంచం నేర్పే మొదటి పాఠం అది. దాహం అణుచుకోవడం.

ప్రభుత్వ బడుల్లో మరో రకం. ఒక శిక్షణ సమావేశంలో ఒక పెద్దాయన నాతో, "ముందు చదవడం రాయడం రానీయండమ్మా, షికార్లు తర్వాత" అన్నారు. 2022లో 'తొలిమెట్టు' మొదలైన దగ్గర్నుంచి ఈ మాటకు బలం పెరిగింది. చదవడం రాయడం రావాలనడంలో ఎవరికి పేచీ? అయితే చూసిన తంగేడు పేరు రాయడం, చూడని యాపిల్ పేరు రాయడం ఒకటేనా? ఇంకొకాయన అభ్యుదయవాది. ఆయన ప్రశ్న ఇంకా పదునైంది. "పొలాల్లో పుట్టిన పిల్లలకు పొలం చూపించడమేంది? అది పట్నపు పిల్లలకు కావాలె."

ఆ ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. దానికి జవాబు నాకు బాన్సువాడ మండలంలోని ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో దొరికింది. ఇద్దరే టీచర్లు, ఇద్దరూ ఆడవాళ్లే. అందులో ఒకామె నా స్నేహితురాలు. ఒకసారి నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో ఊరి పటం గీయించింది. మగపిల్లల పటాల్లో చెరువు, కాలువ, మామిడితోట, ఈతచెట్లు, ఊరవతల పాడుబడ్డ బావి. ఆడపిల్లల పటాల్లో బోరింగు, కిరాణా దుకాణం, గుడి, చుట్టాల ఇళ్లు. ఇళ్ల లోపల పొయ్యి కూడా గీశారు. ఒకే ఊరు, ఒకే తరగతి. పొలంలో పుట్టినంత మాత్రాన పొలం అందరికీ ఒకేలా కనబడదు. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని తల్లికి సద్ది మోసుకుపోయే పిల్ల పొలాన్ని చూడదు, దాటుతుంది. తీరిగ్గా నిలబడి చూడటానికి వేరే అనుమతి కావాలి. ఆ అనుమతి బడి ఇవ్వగలదు. మా ఊళ్లో ఇంకెవరూ ఇవ్వరు.

ఆ పటాలు చూశాక ఆమె శుక్రవారం మధ్యాహ్నాలు పిల్లలను నడిపించుకుపోవడం మొదలుపెట్టింది. బస్సు లేదు, డబ్బు లేదు. పొడుగాటి తాడుకు ముడులు వేసి, ఒక్కో ముడి ఒక్కొక్కరు పట్టుకోవాలన్నది. ఆగస్టులో నేనూ వెంట పోయాను. నాట్లు నడుస్తున్నాయి. ఒడ్డు మీద ఒక మొక్క చూపించి ఐదో తరగతి పిల్ల పేరడిగింది. టీచర్‌కు తెలియదు. నాకు అసలే తెలియదు. "నాకు తెల్వదు, అడుగుదాం పా" అంది టీచర్. ఆ మాట విని నాకు ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ గుర్తొచ్చింది. తెలియదని పిల్లల ముందు ఒప్పుకునే ధైర్యం టీచర్లకు ఉండాలని, 1911లో 'హ్యాండ్‌బుక్ ఆఫ్ నేచర్ స్టడీ' రాసిన అమెరికా స్త్రీ. పల్లెబడుల టీచర్ల కోసం అంత పని చేసిన ఆమెకు కార్నెల్ విశ్వవిద్యాలయం 1899లో సహాయ ఆచార్య హోదా ఇచ్చింది. ఆడమనిషికి ఆ హోదా ఏమిటని ట్రస్టీలు అభ్యంతరం చెబితే మళ్లీ లెక్చరర్‌ను చేసింది. బయట తిరిగి నేర్పే ఆడవాళ్లకు లోపల కుర్చీ వేయడం ఎక్కడైనా కష్టమే.

అడిగాం. నాటు వేస్తున్న అవ్వ నడుం ఎత్తకుండానే చెప్పింది. పేరొక్కటే కాదు. అది ఎప్పుడు మొలుస్తుందో, ఏ పశువు తింటుందో, మనిషి ఎప్పుడు తినొచ్చో చెప్పింది. పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మికూర, గునుగు ఆకు అని ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక పొలాల్లో గునుగు కరువైందని, అందుకే బతుకమ్మకు బజారులో కొంటున్నామని అన్నది. మనం మరిచాం గానీ, బతుకమ్మ పువ్వు కోసం పిల్లలు తంగేడు చెట్ల వెంట, గునుగు చేలల్లో పడి తిరిగే ఆ కొన్ని రోజులే తెలంగాణలో ఆడపిల్లలకు తరతరాలుగా దక్కిన క్షేత్ర పర్యటన. పువ్వు దుకాణంలోకి వచ్చాక ఆ తిరుగుడూ పోయింది.

అదే వరసలో మూడో తరగతి పిల్ల తల్లి ఉంది. టీచర్ ఆమెను ఏదో అడిగింది. "మాకేం తెలుసు మేడం, సదువుకోనోళ్లం" అంది. తర్వాత మొక్కకు మొక్కకు ఎంత ఎడం ఉండాలో, నారు ముదిరితే ఏమవుతుందో, బురదలో వేళ్లు ఎలా పెట్టాలో ఇరవై నిమిషాలు చెప్పింది. ఆ పిల్ల తల్లిని చూస్తున్న చూపు గురించి రాయబోయి ఆగిపోతున్నాను. అది ఆ పిల్ల సొంత విషయం. నేను రాయాల్సింది ఇంకొకటుంది. వాళ్లు గుత్తకు నాటేస్తున్నారు. ఎంత తొందరగా అయితే అంత గిట్టుబాటు. మేం తీసుకున్న ఇరవై నిమిషాలు వాళ్ల కూలిలోంచి పోయాయి. పాఠం చెప్పించుకుని, దణ్ణం పెట్టి వచ్చేశాం. ఆడవాళ్ల జ్ఞానాన్ని గౌరవించాలని మనం రాసే వ్యాసాల్లో ఈ లెక్క ఎక్కడా ఉండదు.

'రైలుబడి' పేరుతో తెలుగులోకి వచ్చిన టెట్సుకో కురొయనాగి పుస్తకం మనలో చాలామందికి ఇష్టం. కిటికీ దగ్గర నిలబడి వీధి వాద్యగాళ్లను పిలిచినందుకు మొదటి బడి వెళ్లగొట్టిన ఆడపిల్ల కథ అది. రెండో బడిలో కొబయాషి మాస్టారు ఒక రైతును తెచ్చి, ఈయనే మీ వ్యవసాయం టీచర్ అని పిల్లలకు పరిచయం చేస్తారు. ఆ మాస్టారిని మనం మెచ్చుకుంటాం. మరి మన బడులు ఒక దళిత వ్యవసాయ కూలీని టీచర్ అని పిలవగలవా? ఆ పూట కూలి కట్టి ఇవ్వగలవా? అసాధ్యమనేవాళ్లు మంజీర ఎగువకు చూడాలి. బాన్సువాడ ఏ లోక్‌సభ నియోజకవర్గం కిందికి వస్తుందో ఆ జహీరాబాదు దగ్గరి పల్లెల్లోనే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు విత్తనాలు దాచారు, పాత పంటల జాతరలు నడిపారు, మాచ్‌నూర్‌లో 2008 నుంచి సొంత రేడియో నడిపారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అదే మాచ్‌నూర్‌లో పిల్లలకు పనిలోంచి చదువు చెప్పిన పచ్చశాల ఉంది. ఇంత దగ్గర్లో ఇంత ఉండగా మా పిల్లలను ప్లాస్టర్ కోటలు చూపించడానికి నాలుగు గంటలు బస్సెక్కిస్తున్నాం.

కాలువ దగ్గర తాడు వదిలేసి పిల్లలు దూరంగా కూర్చున్నారు. "నేనీ కాల్వల ఈత కొడ్త మేడం" అన్నాడు ఒకడు. ఇంకో ఇద్దరు ముగ్గురు మేమూ అంటే మేమూ అన్నారు. ఆడపిల్లలను అడిగాను. ఒక్కరికీ రాదు. "మా అన్నకు వస్తది" అంది ఒక పిల్ల గర్వంగా. తొంభై ఏళ్లకు పైగా కాలువ పారుతున్న నేల ఇది. ఇంటి ముందు నీళ్లు, బట్టలుతికేది ఆడవాళ్లు, గిన్నెలు తోమేది ఆడవాళ్లు, కాలుజారే అవకాశం ఎక్కువ వాళ్లకే. ఈత మాత్రం మగపిల్లలకు. నాకూ రాదు.

ఇక భయం గురించి మాట్లాడాలి, దాటేసి పోతే ఇది అబద్ధమవుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అదే ఏడాది జూలై 24న మా పక్క మెదక్ జిల్లా మాసాయిపేటలో బడి బస్సును రైలు గుద్దింది. ఆ రెండు రోజులూ ప్రతి తల్లి గుండెలో ఉన్నాయి, మా అక్క గుండెలోనూ ఉన్నాయి. కానీ చూడండి, ఒకచోట ఎగువ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు. ఇంకోచోట కాపలా లేని రైల్వే గేటు. రెండూ పెద్దవాళ్ల వ్యవస్థలు చేసిన తప్పులు. మా చుట్టాల్లో వాటినుంచి తీసిన నీతి మాత్రం 'ఆడపిల్లను దూరం పంపొద్దు'. మగపిల్లల ట్రిప్పులు ఆగలేదు. భద్రత అన్న మాట ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి గేటు కాపలా గురించి అడగదు, పిల్ల సంగతే అడుగుతుంది. నేను అక్కతో అన్న మాటా అదే కోవలోది. బస్సు డ్రైవరు ఎవరు, రాత్రి ఎవరు నడుపుతారు, ఎక్కడ ఆగుతుంది, మరుగుదొడ్డి ఉందా అని అడగాల్సింది. అడగలేదు. వద్దన్నాను. వద్దనడానికి శ్రమ లేదు.

ఆ ఫిలింసిటీ యాత్రను నేనిప్పుడు సమర్థించడం లేదు. నడిచిపోయే దూరంలో, వారానికొకసారి, ఒకటో తరగతి నుంచి, ఆడామగా పిల్లలంతా, చెప్పేవాళ్లకు కూలి కట్టి పోవాలంటున్నాను. కూలీ డబ్బు బడి నిధుల్లోంచి రావాలి. టీచరు జేబులోంచి కాదు. గట్టున కాపలాకు ఇంకో మనిషిని ఇవ్వాలి. ఈత నేర్పాలి. పెద్ద కోరికలేం కావు. ఫిలింసిటీ బస్సు డీజిలుకయ్యే ఖర్చు కూడా కాదు.

సెప్టెంబరులో స్నేహితురాలు ఫోను చేసింది. 'ఆడపిల్లలను కాలువ గట్ల వెంట తిప్పుతున్నారు' అని ఎవరో ఫిర్యాదు చేశారట. ఫిర్యాదులో మగపిల్లల ప్రస్తావన లేదు. వాళ్లూ అదే తాడు పట్టుకున్నారు మరి. రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. ఎలా రాయాలో చెప్పమని అడిగింది. నేను సెక్షన్లు, సూత్రాలు అన్నీ పెట్టి రెండు పేజీలు రాసి పంపాను. ఆమె అది పక్కన పెట్టేసింది. పిల్లలు రాసుకున్న మొక్కల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎవరు చెప్పారో వాళ్ల పేరు, అవ్వల పేర్లు, అమ్మల పేర్లు, అన్నీ కలిపి ఆరు కాగితాలు కుట్టి పైకి పంపింది. నేను రాసినదాంట్లో ఒక్క వాక్యం మాత్రం వాడుకుంది, బడికి రెండో తాడు, ఇంకో మనిషి కావాలన్నది.

ఇది రాసేనాటికి జవాబు రాలేదు. పోయిన శుక్రవారం మా అక్క కూతుర్ని వెంటబెట్టుకుని పోయాను. ఒక ముడి ఖాళీ లేదు. "చిన్నమ్మా, నీ ముడి నాకియ్యి" అంది. ఇచ్చి వెనక నడిచాను.